హిందోళంలో పంచమం ఎవరు పెట్టారు?

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం ఒకే రైలు మార్గం మీది ఊళ్లు. ఈ ఊళ్లలో మెట్ల వాయిద్యం నేర్చుకునే పిల్లల ముందు రెండు దారులున్నాయి. ఒకటి పౌరాణిక నాటకాల నుంచీ భజన గుంపుల నుంచీ వచ్చిన హార్మోనియం దారి. రెండోది చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో పెరిగిన కీబోర్డు దారి. మొదటిది సరిగమలతో మొదలవుతుంది, రెండోది కార్డ్స్‌తో. ఏది ముందు నేర్పాలన్నదే ఇక్కడి తగాదా.

మాట్లాడే ఇద్దరూ కల్పితులు. తాతది ధర్మవరం. నాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. సారుది హిందూపురం. పెనుకొండకు వచ్చి పిల్లలకు కీబోర్డు నేర్పుతాడు. తాత మనవరాలు పెనుకొండలోనే ఉంటుంది, సారు శిష్యురాలు. ఆ పిల్ల నోటుబుక్కు తాత కంట పడింది.

తాత: ఏం సారూ, మా పాప నోటుబుక్కు చూస్తిని. మొదటి పేజీలోనే సి, ఏ మైనర్, ఎఫ్, జి అని రాసిస్తివి. సరళీ వరుస ఒక్కటీ లేదు. స ఎక్కడుండాదో తెలియని బిడ్డను మూడు మెట్లు ఒకేసారి నొక్కమంటే ఎట్లప్పా?

సారు: ఆ నాలుగు కార్డ్స్‌తోనే పాప సినిమా పాటలకు తోడు వాయిస్తోంది తాతా. సరళీ వరుసలతో మొదలుపెడితే పాట దాకా రావడానికి ఎంత కాలం పడుతుందో మీకు తెలియనిదా? ఈలోగా సగం మంది పిల్లలు కీబోర్డును అటక మీద పెట్టేస్తారు. చేతికి పాట వచ్చిందంటే మానరు.

తాత: మానకపోవడం వేరు, రావడం వేరు. ఆ వరసే ఎందుకని పాపనడిగితే, సారు రాసిచ్చినాడు అంటాది. నువ్వైనా చెప్పు, ఎందుకు?

సారు: చెప్తా. స నుంచి పై స దాకా పన్నెండు మెట్ల దూరం. రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి చొప్పున ఎక్కితే మేజర్ స్కేలు. అది మీ ధీరశంకరాభరణమే, 29వ మేళకర్త. అందులో ఒక స్వరం పట్టుకుని, పక్కది వదిలి ఆపైది, మళ్లీ ఒకటి వదిలి ఆపైది కలిపితే కార్డ్. స, గ, ప తీసుకోండి. స నుంచి గ నాలుగు మెట్లు, గ నుంచి ప మూడు. ఇది మేజర్. రి, మ, ద తీసుకుంటే ముందు మూడు, తర్వాత నాలుగు. ఇది మైనర్. ఇట్లా ఏడు స్వరాల మీద ఏడు కార్డ్స్ వస్తాయి. 1, 4, 5 మేజర్. 2, 3, 6 మైనర్. ఏడోది ని, రి, మ, మూడూ మూడూ. దాన్ని డిమినిష్డ్ అంటారు.

తాత: లెక్క సరే. వరస సంగతి?

సారు: ఐదో కార్డ్‌లో ప, ని, రి ఉంటాయి. కాకలి నిషాదానికీ పై షడ్జమానికీ మధ్య ఒక్క మెట్టే. ఆ ని మీద నిలబడితే చెవి స కోసం ఎదురుచూస్తుంది. పద్యం చివర మీ నటుడు ని మీద ఆపి, జనాన్ని ఊరించి, స లో దించుతాడు కదా? ఐదు నుంచి ఒకటికి పోవడంలో ఉన్న బలం అదే. ఇక ఆరోది ద, స, గ. మొదటి కార్డ్‌తో దీనికి రెండు స్వరాలు ఉమ్మడి. ప మీది వేలును ద కు జరిపితే ఒకటి కాస్తా ఆరవుతుంది. గ మీది వేలును మ కు జరిపితే ఆరు నాలుగవుతుంది. ఐదుకు పోయేటప్పుడు మాత్రం మూడు వేళ్లూ కదలాలి, చెవికీ అక్కడే పెద్ద మార్పు తెలుస్తుంది. 1, 6, 4, 5 అనే వరస సినిమా పాటల్లో అంతగా వినిపించడానికి ఇదొక కారణం.

తాత: ఇంత చక్కగా చెప్పేవాడివి, పుస్తకంలో సి, జి అని ఎందుకు రాస్తివి? మా నాటకంలో ఒకడు నాలుగు శ్రుతి అంటాడు, ఇంకొకడు ఐదున్నర అంటాడు. నాలుగంటే మీ ఎఫ్, ఐదున్నర అంటే మీ జి షార్ప్. ఎవడు ఏ శ్రుతిలో ఎత్తుకుంటే ఆ మెట్టే మాకు స. నువ్వు రాసిచ్చింది ఒకటి శ్రుతిలో పాడేవాడికే పనికొస్తాది.

సారు: అది ఒప్పుకుంటా. అంకెలే రాయాల్సింది. 1, 6, 4, 5 అని తెలిస్తే, నాలుగు శ్రుతిలో అదే ఎఫ్, డి మైనర్, బి ఫ్లాట్, సి అవుతుంది. ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కదా అని పిల్లలు ఆ లెక్క నేర్చుకోరు.

తాత: ఇంగ అసలు సంగతికి వస్తా. మా తంబురాలో, శ్రుతిపెట్టెలో ఏముంటాయి? స, ప. గాంధారం ఉండదు. కావాలనే పెట్టలేదు. సాధారణ గాంధారమా అంతర గాంధారమా అన్నది రాగం తేల్చాల. నీ కార్డ్ పాడేవాడు నోరు తెరవకముందే గాంధారాన్ని తేల్చేస్తాది.

సారు: రాక్ గిటార్ వాళ్లు కూడా గాంధారం లేకుండా స, ప మాత్రమే మోగిస్తారు తాతా, పవర్ కార్డ్ అని. తేల్చకుండా వదలడం మాకూ తెలుసు. కానీ తోడు వాయించేవాడి పని చాలాసార్లు తేల్చడమే. మీ ధర్మవరం మగ్గం మీద పడుగు ముందే వేసి ఉంటుంది కదా. కార్డ్స్ పడుగు, పాట పేక.

తాత: మగ్గం సంగతి నాకు చెప్తాండావా! ధర్మవరం చీరకు డబుల్ షేడ్ ఎట్ల వస్తాది? పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు. పేక మార్చకపోయినా, పడుగు రంగు మారిస్తే చీర రంగు మారిపోతాది. నా భయం కూడా అదే. పాప మోహన రాగంలో పాడుతుంటే నీ పడుగు ఏం చేస్తాది? మోహనలో ఎన్ని కార్డ్స్ వస్తాయో చెప్పు.

సారు: స, రి, గ, ప, ద. మూడు స్వరాల కార్డ్స్ రెండే. స, గ, ప ఒకటి. ద, స, గ ఇంకొకటి. ఒకటి మేజర్, ఆరు మైనర్.

తాత: మరి పాప మోహనకు నాలుగూ ఐదూ వాయిస్తాండాది. నాలుగులో మ, ఐదులో ని. రెండూ మోహనలో లేవు.

సారు: అక్కడ నేను తగ్గను. పాట మోహనలోనే నడుస్తూ ఉంటే, కింద మ గానీ ని గానీ మోగితే పాట చెడదు. మ మీద వాలిన ద ఒక రకంగా వినిపిస్తుంది, స మీద వాలిన ద ఇంకో రకంగా. అదే ఐదు స్వరాల పాటకు కొత్త వెలుగు వస్తుంది. సినిమా సంగీత దర్శకులు కావాలనే చేసే పని అది.

తాత: కావాలని చేస్తే నాకూ అభ్యంతరం లేదు. తెలియక చేస్తేనే. హిందోళం తీసుకో. మొన్న పాప ఒక హిందోళం పాటకు సి మైనర్ నొక్కె. పాట స మీద ఉండాది కాబట్టి స కార్డ్ అనుకునింది. హిందోళంలో ఎన్ని కార్డ్స్, సారూ?

సారు: స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. ద, స, గ మేజర్. మ, ద, స మైనర్. అంతే. రి లేదు, ప లేదు.

తాత: స మీద?

సారు: స మీద రాదు. స, గ తర్వాత ప కావాలి.

తాత: మరి హిందోళంలో పంచమం ఎవరు పెట్టినారు?

సారు: నా పట్టిక పెట్టింది తాతా. పాట మైనర్‌లో ఉంటే ఒకటో కార్డ్ మైనర్ అని నేర్పాను, హిందోళానికి ఒకటో కార్డే లేదని నేర్పలేదు. స మీద నిలిచినప్పుడు మ, ద, స గానీ, ఉత్త స, మ గానీ వాయించాలని చెప్పాల్సింది. హిందోళం ఒక్కదాంట్లోనే కాదు, కల్యాణిలోనూ ఈ తిప్పలుంది. ప్రతి మధ్యమం వల్ల నాలుగో కార్డ్ మేజర్ కాదు, డిమినిష్డ్ అవుతుంది. దానికి బదులు రెండోది మేజర్ అవుతుంది. శంకరాభరణం పట్టికను కల్యాణికి తగిలిస్తే రాగం ఇల్లు మారుతుంది.

తాత: అందుకే అంటాండా, మొదట మాయామాళవగౌళ అని. పురందరదాసు పెట్టిన పద్ధతి అంటారు. స నుంచి రి ఒక మెట్టు, రి నుంచి గ మూడు, గ నుంచి మ ఒకటి. ప నుంచి పైకి కూడా అదే లెక్క: ఒకటి, మూడు, ఒకటి. కింద సగం ఎట్లుందో పై సగం అట్లే ఉంటాది. బిడ్డ చెవికి దగ్గరి దూరమూ తెలుస్తాది, ఎడం దూరమూ తెలుస్తాది.

సారు: గొంతుకు బాగుంటుంది, కాదనను. కార్డ్స్‌కు మాత్రం అదెంత ఇబ్బందో వినండి. స మీద మేజర్ వస్తుంది, మ మీద మైనర్ వస్తుంది. ప మీద ప, ని, రి తీసుకుంటే నాలుగు, రెండు. అది మేజరూ కాదు, మైనరూ కాదు, డిమినిష్డూ కాదు. ఐదు నుంచి ఒకటికి వచ్చే మామూలు దారే మూసుకుపోయింది. కార్డ్స్ నేర్పేవాళ్లు శంకరాభరణంతో మొదలుపెట్టేది ఊరికే కాదు తాతా. ఏడింట్లో ఆరు కార్డ్స్ నిలబడే స్కేలు అది.

తాత: అంటే మీకు అనుకూలమైన మేళం మీరు, మాకు అనుకూలమైనది మేము ఎంచుకుంటిమి.

సారు: అవును. కొన్ని మేళాలు రెండు పక్షాలకూ నడుస్తాయి. నటభైరవి మైనర్ స్కేలు. దాంట్లో ఐదో కార్డ్ మైనర్ అవుతుంది కాబట్టి స కు లాగే బలం తక్కువ. కైశికి నిషాదం తీసి కాకలి పెడితే ఐదో కార్డ్ మేజర్ అవుతుంది, మేళం కీరవాణి అవుతుంది. పాశ్చాత్యులు దీన్నే హార్మోనిక్ మైనర్ అంటారు. మీ దగ్గర 21వ మేళకర్త, మా దగ్గర కార్డ్స్ అవసరంలోంచి పుట్టిన స్కేలు. పేర్లు వేరు, మెట్లు అవే.

తాత: మెట్లు అవే, కానీ రాగం మెట్లలో ఉంటాదా? తోడిలో గాంధారం ఒక చోట నిలబడదు, ఊగుతుంది. ఆ ఊగడమే గాంధారం. నీ కీబోర్డు ఏం చేస్తాది?

సారు: పిచ్ బెండ్ చక్రం ఉంది.

తాత: అది తిప్పితే ఎడమ చేతి కార్డ్ కూడా ఊగిపోదూ?

సారు: చాలా కీబోర్డుల్లో ఊగుతుంది. కానీ ఈ మాట మీరు అనకూడదు తాతా. మీ హార్మోనియంలో చక్రం కూడా లేదు. అది పారిస్‌లో అలెగ్జాండర్ దెబెన్ 1842లో పేటెంట్ తీసుకున్న పెట్టె. ఆ ఊగే గమకం పలకదనే కదా 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని బయటికి పంపింది? రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా దాన్ని మెచ్చలేదు. 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. అప్పుడు మీ పెట్టె మీద వేసిన నిందే ఇప్పుడు మీరు నా పెట్టె మీద వేస్తున్నారు.

తాత: నింద నిజమే కాబట్టి వేస్తాండా. నా పెట్టె తప్పు నాకు తెలియక కాదు.

సారు: శ్రుతి తప్పు కూడా ఉంది. పన్నెండు మెట్లనూ సమానంగా పంచితే ఒక్కో మెట్టుకు 100 సెంట్లు. పంచమం 700 దగ్గర పడుతుంది, సహజంగా 702 ఉండాలి. ఆ తేడా ఎవరికీ తెలియదు. అంతర గాంధారం మాత్రం 386 దగ్గర ఉండాల్సింది 400 దగ్గర మోగుతుంది. 14 సెంట్లు ఎక్కువ. అట్లా ట్యూన్ చేసిన మెట్లు మీవైనా మావైనా ఒకటే.

తాత: అంకెలు నాకు తెలియవు గానీ, గాంధారం గుచ్చుకుంటాదని నా చెవికి తెలుసు. అందుకే నటుడు గాంధారం మీద నిలిచినప్పుడు నేను ఆ మెట్టు ముట్టను. స, ప పట్టుకుని ఉండి, ఆయన దిగేటప్పుడు వెంట పోతా. పెట్టెలో లోపం ఉంటే వాయించేవాడు దాన్ని దాటాల. నీ కార్డ్‌లో గాంధారం తప్పనిసరి. దాటే వీలేది?

సారు: గాంధారం తీసేసి వాయించవచ్చు. మంచి కీబోర్డు వాళ్లు ఆ పని చేస్తారు. నేర్పేవాళ్లం చెప్పం, అంతే.

తాత: ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండు బాణీలు విని నోట్టుస్వరాలు కట్టె. అన్నీ శంకరాభరణంలోనే. బాణీ తీసుకున్నాడు, కార్డ్స్ తీసుకోలేదు. ఏది తీసుకోవాలో, ఏది వదలాలో ఆయనకు తెలుసు.

సారు: ఆయన వదిలింది అప్పటికి అవసరం లేక. మీ ఊరి ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఏం చేశారు? బళ్ళారిలో సరసవినోదిని సభ పెట్టి, ఇంగ్లీషు నాటకం చూసి అంకాలను రంగాలుగా విడగొట్టారు. తెలుగు నాటకంలో విషాదాంతం కూడదన్న కట్టుబాటును విషాద సారంగధరతో దాటారు. అయినా పాటలూ పద్యాలూ వదల్లేదు. ఆయనను ఆంధ్ర నాటక పితామహుడన్నారే గానీ, పరాయి పద్ధతి తెచ్చినాడని వెలివేయలేదు కదా.

తాత: ఆయనకు రెండు నాటకాలూ తెలుసు సారూ. సంస్కృత నాటకం తెలుసు, ఇంగ్లీషు నాటకం తెలుసు. ఏది ఎక్కడ అతుకుతుందో తెలిసి అతికినాడు. మా పాపకు తెలిసింది నాలుగు అక్షరాలు.

సారు: మరి రామామాత్యుడు? విజయనగరంలో 1550లో స్వరమేళకళానిధి రాశారు. రాగానికొకసారి మెట్లు జరపనక్కర లేకుండా, అన్ని రాగాలకూ పనికొచ్చేట్టు వీణ మీద మెట్లను స్థిరంగా అమర్చే పద్ధతి చెప్పారు. ఆయన గ్రంథం రాసిన పదిహేనేళ్లకు రాజధాని ఈ పెనుకొండకే వచ్చింది. స్థిరమైన మెట్టు మీద అన్ని రాగాలూ నడవాలన్న ఆలోచన పరాయిది కాదు తాతా.

తాత: మెట్టు స్థిరమే, తీగ స్థిరం కాదే! వీణ మీద తీగను లాగొచ్చు. మెట్టు దగ్గర మొదలై స్వరం ఎక్కడికైనా పోతాది. లేపాక్షి నాట్యమండపం స్తంభాల మీద చూడు. తుంబురుడి చేతిలో వీణ, బ్రహ్మ చేతిలో మద్దెల, ఎదురుగా రంభ నాట్యం. ఒక స్వరం, ఒక తాళం, ఒక ఆట. మూడు స్వరాలు ఒకేసారి మోగాలని ఎవరికీ తోచలేదు, లోటనీ అనిపించలేదు.

సారు: ఇప్పటి చెవికి లోటనిపిస్తోంది, ఎందుకంటే ఇప్పటి పాట కార్డ్స్ మీదే కట్టి ఉంది. ఇళయరాజా శాస్త్రీయ గిటారులో లండన్ ట్రినిటీ కళాశాల పరీక్షలు రాసిన మనిషి. సాగర సంగమానికీ, రుద్రవీణకూ జాతీయ అవార్డులు తీసుకున్నారు. రెండూ శాస్త్రీయ కళల చుట్టూ తిరిగే కథలే. ఆ పాటలకు వెనక వాయించాలంటే రాగం ఒక్కటే తెలిస్తే చాలదు.

తాత: నీ మాటే నాకు సాక్ష్యం. ఆయనకు రాగం తెలుసు, కార్డ్ తెలుసు. రాగంలో లేని స్వరం కింద పెట్టినా తెలిసి పెట్టినాడు.

సారు: నేను నేర్చుకుంది చర్చిలో తాతా. అక్కడ నాకెవరూ రాగం చెప్పలేదు, పాట నంబరు చెప్తే స్కేలు పట్టుకోవడమే.

తాత: మీ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడు. పాట మీద రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. పెద్దలు రాసి పెట్టినారు, మీరు ఆ గీత చదవడం మానేస్తిరి.

సారు: ఇకనుంచి చదివిస్తా. కానీ ఏడాది పాటు కార్డ్ ముట్టనివ్వకూడదంటే మాత్రం ఒప్పుకోను. మొదటి వారంలోనే 1, 4, 5 చేతికి రావాలి.

తాత: ముందు నోటితో స్కేలు పాడాల. ఆ స్కేలులోంచి మూడేసి మెట్లు లెక్కపెట్టి ఏవి వస్తాయో పాపే రాయాల. నువ్వు రాసివ్వకూడదు. అట్లైతే మొదటి వారమైనా సరే. ఇంగ తోడి దగ్గర నీ పెట్టె మూతపెట్టాల.

సారు: తోడి దగ్గర స, ప పట్టుకుని కూర్చుంటా. మూత పెట్టను.

తోడి దగ్గర ఇద్దరూ కలవలేదు, కలవాల్సిన పనీ లేదు. గమకమే ప్రాణమైన రాగానికి కార్డ్స్ కట్టడం నేర్చుకునేవాళ్ల పని కాదు. మిగతా తగాదాలో మాత్రం తాతదే పైచేయి అని నా తీర్పు. ఆయన అడిగింది కార్డ్స్ మానమని కాదు, కార్డ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోమని. సారు వాదనలో బలం లేక కాదు. పిల్ల చేతికి త్వరగా పాట రావాలన్నది న్యాయమైన కోరిక. 1, 6, 4, 5 తో అది వస్తుంది కూడా. కానీ శంకరాభరణం పట్టిక ఒక్కటే చేతిలో ఉన్న పిల్లకు ప్రతి రాగమూ శంకరాభరణంలానే కనిపిస్తుంది.

ఈ మూడు ఊళ్లలోనూ కీబోర్డు నేర్పేవాళ్లకు ఒక మనవి. కార్డ్స్ పట్టిక ఫొటోకాపీ తీసి ఇవ్వకండి. కొత్త పాట వచ్చినప్పుడల్లా పిల్ల చేత ముందు దాని స్వరాలు పాడించండి. ఆ స్వరాల్లోంచి ఏ కార్డ్స్ వస్తాయో, ఏవి రావో పిల్ల చేతే రాయించండి. శంకరాభరణం, కీరవాణి, మోహన, హిందోళం ఈ నాలుగింటికీ ఆ పని చేయించగలిగితే చాలు. బయటి స్వరం పెట్టాల్సి వచ్చిన రోజున తెలిసే పెడుతుంది.